సూది బెజ్జాలు

బెల్టు చేతికివ్వగానే అందరూ నడుముకి పెట్టుకున్నారు. కత్తెరమ్మ మాత్రం తిరగేసింది.

అది అలవాటు. పన్నెండేళ్ళుగా ఆమె కార్ఖానాలో చేసే పనే బెల్టులు తిరగేయడం. కొండలెక్కేవాళ్ళు, స్తంభాలెక్కేవాళ్ళు, గాల్లో వేలాడుతూ పొట్టపోసుకునేవాళ్ళు పెట్టుకునే బెల్టులన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. ఆమె వేళ్ళతో తడుముతుంది, పట్టీల అతుకుల మీది అడ్డకుట్లు లెక్కపెడుతుంది, బాగుంటే తన నంబరున్న చీటీ వేయించి పంపుతుంది. దారాలు తెంపే కత్తెర ఎప్పుడూ మెడలో వేలాడుతుంటుంది గనక అక్కడ అందరూ కత్తెరమ్మ అంటారు. ఇంట్లో మొగుడూ అలాగే పిలుస్తాడు. నిద్రలో కూడా దాన్ని తియ్యదని, పక్కన పడుకోవాలంటే ధైర్యం కావాలని వెక్కిరిస్తాడు.

అన్నేళ్ళు ఊరందరి నడుములకీ కాపలా కాసిన మనిషి, తన నడుముకి ఏనాడూ ఒకటి పెట్టుకోలేదు. ఇవాళే మొదలు.

ఈ రెండు రోజుల సెలవు మొగుడి కోరిక. అతను ఎత్తు భవనాలకి అద్దాలు తుడుస్తాడు. తోటివాళ్ళు సాలీడు అంటారు. లిఫ్టులో పైకి పోవడం, తాడు కట్టుకుని దిగడం, మళ్ళీ లిఫ్టు, మళ్ళీ దిగడం. బతుకంతా దిగడమే అయిపోయింది, చచ్చేలోపు ఒక్కసారి ఎక్కాలి అని ఏడాదిగా నస. బస్సు దిగి, పొలాల మధ్య బాట పట్టుకుని, తెల్లారేసరికి ఈ కొండ దగ్గర నిలబడ్డారు. కొండ అంటే ఒకటే రాయి. ఎనిమిది అంతస్తులుంటుందన్నాడు సాలీడు. అతను దేన్నయినా అంతస్తుల్లోనే కొలుస్తాడు. రాతి కింద రేకుల షెడ్డు, షెడ్డు గోడకి మేకులు, మేకులకి బెల్టులు. నగరం నుంచి వచ్చేవాళ్ళని తాళ్ళతో ఎక్కించే క్యాంపు అది. వీళ్ళు కాక ఆసుపత్రికి సెలవు పెట్టి వచ్చిన నర్సులు ఆరుగురున్నారు. వాళ్ళ నవ్వులకి షెడ్డు రేకులు మోగుతున్నాయి.

బెల్టుకి వేలాడే తొడ పట్టీ లోపలి పక్కన కత్తెరమ్మ బొటనవేలు ఆగింది. గోటితో గీరింది. ఎండకి అడ్డం పెట్టి చూసింది.

ఆరు బెజ్జాలు. పైన రెండు సమంగా, కింద రెండు సమంగా, నడిమి రెండు ఏటవాలుగా.

ఒక్కోదాని మీదా మళ్ళీ వేలు పెట్టి చూసింది.

కుట్టు సరిగ్గా పడని బెల్టుకి ఎర్రదారంతో చేత్తో మూడు కుట్లు వేసి పక్కన పడేయాలి. అది కార్ఖానా పద్ధతి. మిగతా బల్లల మీది ఆడవాళ్ళు మూడూ సమంగా వేస్తారు. కత్తెరమ్మది ఎడమచేతి వాటం, నడిమి కుట్టు ఏటవాలుగానే పడుతుంది. ఎర్రదారాన్ని పీకెయ్యొచ్చు. ఆ మందపు పట్టీలో పెద్ద సూది చేసిన బెజ్జాన్ని పూడ్చే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇది తను పనికిరాదని పడేసిన బెల్టు. వెనక్కి తిప్పింది. తెల్ల చీటీ. దాని మీద పదిహేడు. అది ఆమె నంబరు.

ఆమె పడేసింది. ఎవరో ఎర్రదారం పీకి, ఆమె పేరు మీదే బాగుందని చీటీ కుట్టి అమ్మారు.

మేకుకున్న ఇంకో బెల్టు తీసింది. ఆరు బెజ్జాలు. ఇంకోటి తీసింది. బాగుంది. ఇంకోటి. ఆరు బెజ్జాలు.

సాలీడు అప్పటికే బెల్టు బిగించి, తల పైకెత్తి రాతిని చదువుతున్నాడు. ఆమె వెళ్ళి చెవిలో చెప్పింది. సెలవు రోజున కూడా నీకు దారమే కనబడుతుందా, ముందు పెట్టుకో అన్నాడు అతను, రాతి మీంచి కళ్ళు తియ్యకుండా. ఆమె అతని చెయ్యి పట్టుకుని, వేలు తీసుకెళ్ళి ఆ బెజ్జాల మీద పెట్టింది. పదేళ్ళు తాళ్ళ మీద బతికినవాడి వేలు అది. అబద్ధం చెప్పుకోలేకపోయింది.

"నాది?" అన్నాడు.

వంగి అతని తొడ పట్టీ తిరగేసింది. శుభ్రంగా ఉంది. "నీది బాగుంది. నిజంగా నేను పాస్ చేసిందే."

అతను ఊపిరి వదిలాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇప్పుడు నోరెత్తితే సోమవారం నీకు పని ఉండదు, తెలుసా అని అడిగాడు. తెలుసంది. నీకు ఇంకోటి అడుగుదాం, మనిద్దరం ఎక్కేసి పోదాం, పోతూ పోతూ ఎవరికన్నా చెప్పిపోదాం అన్నాడు. ఆమె పైకి చూస్తోంది. పొట్టి నర్సు అప్పటికే రెండో అంతస్తు ఎత్తులో ఉంది. రాతి పగుల్లో వేళ్ళు దూర్చి, కింద ఉన్నవాళ్ళని ఫోటో తీయమంటోంది.

గైడు కింద తాడు పట్టుకుని ఉన్నాడు. తల నెరిసిన మనిషి. ఈ కొండ వెనక క్వారీలో ఇరవై ఏళ్ళు రాళ్ళు కొట్టి, అది మూతపడ్డాక ఈ పనికి వచ్చినవాడు. కత్తెరమ్మ అతని పక్కన నిలబడి, ఆ అమ్మాయిని దింపమంది. తాడు పట్టుకున్నవాడితో మాట్లాడకూడదన్నాడతను.

"అందుకే మెల్లగా చెబుతున్నాను. కుదుపు లేకుండా దింపు. ఆ బెల్టు పాడైంది."

"నువ్వెవరు చెప్పడానికి?"

"దాన్ని చెత్తలో పడేసినదాన్ని."

గైడు ఆమె ముఖం చూశాడు, మెడలో కత్తెర చూశాడు. ఇంకేం అడగలేదు. తాడు కొంచెం కొంచెం వదిలాడు. రెండంతస్తులు దిగడానికి పట్టిన ఆ కాసేపట్లో నర్సుల నవ్వులు ఆగిపోయాయి. పొట్టి నర్సుకి ఏం జరుగుతోందో తెలీదు. నేనింకా అలిసిపోలేదు, అప్పుడే ఎందుకు దింపుతున్నారని పోట్లాడుతూనే దిగింది. కాళ్ళు నేలకానగానే కత్తెరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తొడ పట్టీ తిప్పి చూసింది.

ఆరు బెజ్జాలు. నడిమివి ఏటవాలుగా.

*

క్యాంపు యజమాని గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నవ్వు ముఖం. చెల్లెమ్మా అన్నాడు. ఎండలో నిలబెట్టారేం అని గైడుని కసిరాడు. అంతా విన్నాడు, తల ఊపాడు, బెల్టు చేతిలోకి తీసుకుని చీటీ చదివాడు.

"పదిహేడో నంబరు ఎవరు?"

"నేనే."

"అంటే పాస్ చేసింది నువ్వే. ఇప్పుడు పాడైందంటోంది నువ్వే. నీ మీద నువ్వే ఫిర్యాదు చేసుకుంటున్నావా చెల్లెమ్మా?"

నర్సుల వైపు తిరిగి నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అయినా అతను తగ్గలేదు. కార్ఖానా సూపర్‌వైజరు తనకి బాగా కావలసినవాడని, ఇప్పుడే తేలిపోతుందని ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. సూపర్‌వైజరు గొంతు షెడ్డంతా నిండింది. అవన్నీ తిరిగి కుట్టించిన బెల్టులట. పరీక్షలన్నీ అయ్యాయట. కత్తెరమ్మకి చాదస్తం ఎక్కువని కార్ఖానాలో అందరికీ తెలుసట.

కత్తెరమ్మ ఒక్కటే అడిగింది. "తిరిగి కుడితే పాత అడ్డకుట్టు పక్కన కొత్త కుట్టు ఉండాలి కదా సార్. నా చేతిలో నాలుగున్నాయి. ఒక్కదానికీ లేదేం?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది, మిషన్ల మోత తగ్గింది. తర్వాత సూపర్‌వైజరు మెల్లగా, ఒక్కో మాటా ఒత్తి చెప్పాడు. సోమవారం వచ్చి, ఆ బెల్టులన్నీ తానే చూసి పాస్ చేశానని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. రాయడం ఇష్టం లేకపోతే రానక్కర్లేదు. ఫోను పెట్టేశాడు.

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది కత్తెరమ్మకి. మూడు నెలల కిందటి వరకూ ఎర్రదారం వేసిన బెల్టుని అక్కడికక్కడే రెండు ముక్కలు చెయ్యాల్సి వచ్చేది. ఒకరోజు సూపర్‌వైజరు వచ్చి, ఇకనుంచి కొయ్యకండి, తిరిగి కుట్టిస్తాం అన్నాడు. మిగతావాళ్ళు ఎందుకని అడిగారు. ఈమె అడగలేదు. ఆ మందం పట్టీ కోసి కోసి ఎడమ మణికట్టు రోజూ సాయంత్రానికి వాచిపోయేది. హమ్మయ్య అనుకుంది. హాయిగా నిద్రపోయింది కూడా. ఆ హాయి ఇదిగో, ఇక్కడ మేకులకి వేలాడుతోంది.

యజమాని గొంతులో మళ్ళీ తేనె చేరింది. గదిలోకి వెళ్ళి కొత్త బెల్టు తెచ్చాడు. మడత కూడా విప్పలేదు. తన ఇంటివాళ్ళ కోసం ఉంచుకున్నదట. ఇది నీకు, మీ ఆయనది ఎలాగూ బాగుందన్నావు, గైడుని మీకే వదిలేస్తాను, రోజంతా ఎక్కండి, ఈ గొడవ మనలో మనం చూసుకుందాం అన్నాడు.

కత్తెరమ్మ మొగుడి వైపు చూసింది. సాలీడు మంచి బెల్టు పెట్టుకుని రాతికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఏడాది పాటు రోజూ రాత్రి అన్నం ముందు ఈ రాతి గురించే మాట్లాడిన మనిషి. చెయ్యి చాస్తే తగులుతుంది. అతను ముందుకొచ్చి, యజమాని చేతిలోంచి ఆ కొత్త బెల్టు అందుకున్నాడు.

ఆమె తల తిప్పుకుంది.

సాలీడు ఆ కొత్తదాన్ని తీసుకెళ్ళి షెడ్డు గోడ మేకుకి తగిలించాడు. మంచివి ఒక పక్క ఉండనీ, లెక్క తప్పకుండా ఉంటుంది అన్నాడు. తర్వాత పొట్టి నర్సు విప్పిన బెల్టు తీసుకుని, గైడుని గోనెసంచి ఉందా అని అడిగాడు.

అద్దాలు తుడిచేవాళ్ళ పద్ధతి ఒకటుంది. కొత్త తాడైనా, కొత్త బెల్టైనా, మనిషికి ముందు సంచి వేలాడుతుంది. సంచిలో రాళ్ళు నింపి, రాతిలో దిగ్గొట్టిన ఇనుప కడియానికి బెల్టు తగిలించి, దానికి సంచి కట్టి, నడుమెత్తు నుంచి వదిలారు. ఆగింది. మళ్ళీ వదిలారు. ఆగింది. మూడోసారీ ఆగింది. యజమాని చప్పట్లు కొట్టాడు. చూశారా అన్నాడు.

కత్తెరమ్మ సంచి దింపించి, కొక్కెం తగిలించే వలయాన్ని రెండు చేతులతో విడదీసి పెద్ద నర్సుకి చూపించింది. అడ్డకుట్టులో దారాలు ఒక చివర లేచాయి. రెండు పొరల మధ్య గోరు పట్టేంత సందు.

"ఇది పొద్దున లేదు. మూడు కుదుపులకి ఇంత. తెగేది ఎన్నో కుదుపుకో నేను చెప్పలేను. ఇది చెప్పలేని కుట్టు. అందుకే పడేశాను."

పెద్ద నర్సు ఆ సందులో గోరు పెట్టి చూసింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగం మొహం మీద కనబడే మనిషి. గడువు తీరిన మందు కూడా పదిసార్లు పనిచేస్తుంది, పదకొండోవాడి ఇంటికి వెళ్ళి చెప్పాల్సింది మాత్రం నేను అంది. నడుముకున్న బెల్టు విప్పి కత్తెరమ్మ ఒడిలో పడేసింది. మిగతావాళ్ళు వరసగా విప్పారు.

పద్నాలుగు బెల్టులు. తొమ్మిదింటికి బెజ్జాలు. ఐదు మంచివి.

కత్తెరమ్మ నేల మీద కూర్చుంది. మెడలోంచి కత్తెర తీసింది. దారాలు తెంపే కత్తెరతో పట్టీ కొయ్యడమంటే గునపంతో గడ్డం గీయడం లాంటిదే. గైడు తన కత్తి ఇవ్వబోయాడు. వద్దంది. మొదటి వలయంలో కత్తెర మొన దిగగానే యజమాని నవ్వు ఎగిరిపోయింది. అది నా వస్తువు, ముట్టుకున్నావంటే కేసు పెడతానన్నాడు.

"వస్తువు నీదే. నంబరు నాది."

పట్టీ జారుతోంది. వేళ్ళు జారుతున్నాయి. మణికట్టు అప్పుడే పాత నొప్పిని గుర్తు చేస్తోంది. నాలుగు పోగులు తెగేసరికి నుదుటి మీద చెమట కళ్ళలోకి దిగింది. సాలీడు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. వలయం రెండు పక్కలా పట్టుకుని, వింటినారి లాగినట్టు లాగి పట్టాడు. పట్టీ బిగిసింది. కత్తెర దిగింది.

ఒక్కోటి తెగినప్పుడు అతని చేతులు రెండూ విసురుగా చెరోపక్కకీ పోతున్నాయి. తొమ్మిదిసార్లు పోయాయి. తెగిన ఒక్కో వలయాన్నీ, దాని తెల్ల చీటీనీ కత్తెరమ్మ అన్నం తెచ్చుకున్న సంచిలో వేసుకుంది.

*

రాత్రి క్యాంపు వెనక రేకుల గదిలో పడుకున్నారు. పొద్దున్నే వెళ్ళిపొమ్మని యజమాని చెప్పించాడు. సాలీడు ఆమె మణికట్టుకి తడిగుడ్డ చుట్టాడు. మధ్యలో ఒకసారి, ఎనిమిదంతస్తులు కాదేమో, తొమ్మిదుంటుందేమో అన్నాడు. అంతే.

ఆదివారం పొద్దున సంచి సర్దుతుంటే గైడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో తన బెల్టు. అరిగి, చెమట ఉప్పుతో తెల్లబడి ఉంది. నిన్న అందరివీ చూశావు, నాది అడగలేదేం అన్నాడు. నువ్వివ్వలేదుగా అంది కత్తెరమ్మ.

"భయమేసింది అక్కా."

ఆమె తొడ పట్టీ తిరగేసింది. వెలుతురు చాలక గుమ్మంలోకి వచ్చింది. మురికి కింద గోటితో గీరింది. ఒకటి, రెండు, మూడు. మిగతా మూడూ గైడే తన వేలితో వెతుక్కున్నాడు. గడప మీద కూలబడ్డాడు. రెండు నెలలుగా రోజూ ఈ బెల్టుతో తనే ముందు ఎక్కి పైన తాడు కడుతున్నాడట. క్వారీలో ఉన్నప్పుడు మందుగుండు పేలితే తప్పించుకున్నాడట, రాయి దొర్లితే తప్పించుకున్నాడట. దారం పోగు దగ్గర మాత్రం అడ్డంగా దొరికిపోయాడు, అది కూడా తెలీకుండా. ఆ మాట చెప్పి నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది.

"కొయ్యి," అన్నాడు.

తనే లాగి పట్టాడు. పది వలయాలు, పది చీటీలు.

తర్వాత అతను ఫోను తీసి, ఇదే కార్ఖానా బెల్టులు వాడే క్యాంపులు ఇంకో రెండున్నాయని చెప్పి, అక్కడి గైడులిద్దరికీ ఫోను చేశాడు. తొడ పట్టీ లోపల, బొటనవేలితో, ఆరు బెజ్జాలు అని చిన్నపిల్లలకి చెప్పినట్టు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. మొదటివాడు వెక్కిరించాడు. రెండోవాడు చూసి చెబుతానని, చాలాసేపటికి ఫోను చేసి, నీ దగ్గర ఎన్ని అని మాత్రం అడిగి, నా దగ్గరా ఉన్నాయి, కనిపెట్టిన ఆ మనిషిని అక్కడే ఉండమను అన్నాడు.

సంచి భుజాన వేసుకుని బయటికొస్తే నర్సులు ఆరుగురూ రాతి కింద కూర్చుని ఉన్నారు. మంచి బెల్టులు ఐదూ, యజమాని తెచ్చిన కొత్తదీ వాళ్ళ ముందు పరిచి ఉన్నాయి. పొట్టి నర్సు ఒక్కోదాన్నీ తిరగేసి గోటితో గీరుతోంది. యజమాని గది తలుపు మూసి ఉంది. వెళ్ళిపొమ్మన్నాడుగా అన్నాడు సాలీడు.

"షెడ్డు ఆయనది, తాళం ఆయనది," అన్నాడు గైడు. "రాయి ఎవడి బాబుదీ కాదు."

గైడు మంచి బెల్టొకటి పెట్టుకుని, వెనక దారిన పైకెళ్ళి తాడు కట్టి వచ్చాడు. సాలీడు నిన్నటి తన బెల్టు పెట్టుకున్నాడు. రాతి దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. తర్వాత వెనక్కొచ్చి, బెల్టు విప్పి, పెళ్ళాం నడుముకి చుట్టాడు.

"ఏంటయ్యా ఇది? ఎక్కాలన్నది నువ్వు."

"నిన్ను నమ్ముకుని ఊరంతా ఎక్కుతోంది. నువ్వెక్కి చూడు, ఎలా పాస్ చేశావో తెలుస్తుంది."

కొక్కెం బిగించి, రెండుసార్లు లాగి చూశాడు. అతను ఇంకో బెల్టు పెట్టుకుని తాడు పట్టుకున్నాడు. వెనక గైడు తాడు చివర నడుము చుట్టూ తిప్పుకుని నిలబడ్డాడు.

కత్తెరమ్మ ఎక్కడం మొదలుపెట్టింది. చక్కగా ఏమీ ఎక్కలేదు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. మొదటి అంతస్తులోనే రెండుసార్లు జారింది. జారిన ప్రతిసారీ నడుము దగ్గర తన పదిహేడో నంబరు పట్టి ఆపింది. రెండోసారి వేలాడుతూనే తొడ పట్టీ వైపు వంగి చూసుకుంది. కింద నర్సులు, పనికి సెలవు పెట్టలేదా అక్కా అని అరిచారు. మూడో అంతస్తు దగ్గర ఆమె ఎడమచెయ్యి పగులు కోసం వెతుకుతుండగా సాలీడు చొక్కా జేబులో ఫోను మోగింది. ఆమె ఫోనే. జాగ్రత్తగా ఉంటుందని అతనికిచ్చింది.

సాలీడు చేతులు తాడు మీంచి తియ్యలేదు. పైకి చూస్తూనే, పెద్ద నర్సుని ఫోను తీసి చెవి దగ్గర పెట్టమన్నాడు.

సూపర్‌వైజరు. ఇంకో క్యాంపు నుంచి కూడా ఫోను వచ్చిందట. ఎవరికెవరికి చెప్పిందో కనుక్కుంటున్నాడు. గొంతులో నిన్నటి ఒత్తు లేదు. ఆవిడకి ఫోనివ్వు, కూర్చుని మాట్లాడుకుందాం, సంతకం సంగతి తర్వాత చూద్దాం అంటున్నాడు. ముందు ఆ ముక్కలు ఎవరికీ చూపించొద్దని చెప్పు అంటున్నాడు.

"నా చేతులు ఖాళీగా లేవు సార్," అన్నాడు సాలీడు. "ఆవిడ పైనుంది. రేపొస్తుంది. సంచి తెస్తుంది. పదింటికీ చీటీలున్నాయి, ఒక్కో బల్ల మీదా ఒక్కోటి పెడుతుందట, తాము పడేసినవి ఎక్కడికి పోతున్నాయో మీ ఆడవాళ్ళందరూ చూసుకుంటారు. నేనూ వస్తున్నా. అద్దాలు రేపు మురిగ్గానే ఉంటాయి."

పెద్ద నర్సు ఫోను కట్టేసింది.

"ఎవరయ్యా?" పైనుంచి కత్తెరమ్మ గొంతు. ముఖం రాతికి ఆనించి ఉంది. కిందికి చూడలేదు.

"మీ సూపర్‌వైజరు."

"ఏమంటాడు?"

"మాట్లాడాలట."

ఆమె ఎడమచేతికి పగులు దొరికింది. వేళ్ళు నాలుగూ లోపలికి దూర్చి, వాచిన మణికట్టు మీద బరువేసి చూసింది. ఆగింది.

"ఉండమను," అంది. "నువ్వు తాడు బిగించు."